ఆ ఇంటి చప్పిడి కూర

రాయదుర్గం,
శుక్రవారం.

కువైట్‌లో ఉన్న మా అమ్మ ఫాతిమాబీకి నీ కూతురు సిమ్రాన్ సలాములు చెప్పి రాసుకునే సంగతులు.

ఇక్కడ పొయ్యి వెలుగుతోంది, ప్రతి నమాజు తర్వాతా నీ పేరున దువా జరుగుతోంది. నీ మోకాళ్ళ నొప్పి తగ్గి, కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోతున్నావని అనుకుంటున్నాను.

భారతి అక్క సెలవు అయిపోయింది. ఎల్లుండి బెంగళూరు పోయి మళ్ళీ మీ కువైట్ విమానం ఎక్కుతుంది. నువ్వు ఆమె చేతికిచ్చి పంపిన ఉత్తరానికి జవాబు కూడా ఆమె చేతికే ఇవ్వాలని ఇన్నాళ్ళూ ఆగాను. ఫోన్లో మాట్లాడితే నీ వెనకాల నువ్వు పనిచేసే ఇంటి పిల్లలు అరుస్తుంటారు. నేను చెప్పాలనుకున్నది సగంలో ఉండగానే "సరేమ్మా, మేడం పిలుస్తాండాది" అంటావు. రాస్తే నన్ను ఎవరూ మధ్యలో ఆపరు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. వాన పడిందా అన్నావు. చెనిక్కాయ విత్తడానికి సరిపడా ఒక పదును పడింది, ఆ తర్వాత లేదు. మధ్యాహ్నం మబ్బు పట్టడం, సాయంత్రానికి గాలి లేచి దాన్ని బళ్ళారి వైపు తోసుకుపోవడం, ఇదే వరస. మిద్దె కారుతోందా అని అడిగావు. కారితే సంతోషించేవాళ్ళం. పరీక్షలు రాశాను, ఇంగ్లీషు ఒక్కటే అనుమానం. ఖర్జూరాలు వీధంతా పంచాను. నువ్వు పంపిన ఓణీ నాకు బాగా నప్పిందని భారతి అక్క అంది. నాయన ఫోన్లోకి ఎందుకు రావడం లేదు, నా మీద కోపమా అని అడిగావు. నీ మీద కోపం లేదు. ఆ సంగతి ఈ ఉత్తరంలోనే రాస్తాను, కొంచెం ఓపిక పట్టు. అది రాయాలంటే ముందు నా కడుపులో ఉన్న మంట బయటికి రావాలి.

ఉత్తరంతో పాటు ఒక ఫోటో పెట్టావు కదా. అందులో నువ్వు మేడం కూతురు దానా పాపకు జడలు వేస్తున్నావు. చాలా బాగుందని భారతి అక్కతో అన్నాను. ఇంటికొచ్చి ఆ ఫోటోను బియ్యం డబ్బా వెనక పెట్టేశాను. నడినెత్తిన పాపిడి తీసి, చెవుల మీదుగా రెండు జడలు మడిచి కట్టావు. అది నా జడ అమ్మా. బడికి పోయేటప్పుడు నువ్వు నాకు వేసే జడ. నేను ఇంటర్‌లో చేరిన ఏడాది నువ్వు పోయావు. అప్పటినుంచి నా తల ఇంకో చేయి దువ్వలేదు. ఇంత పెద్దదాన్నయ్యాక చిన్నపిల్ల మీద కుళ్ళు ఏంటని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకున్నా పోలేదు.

అదైనా చిన్నపిల్ల, పోనీ అనుకోవచ్చు. మేడం తల్లి గురించి నువ్వు రాసింది మాత్రం నాకు మింగుడుపడలేదు. ఉత్తరంలో సగం ఆ ముసలమ్మే ఉంది. బీపీ ఎక్కువై డాక్టరు ఉప్పు మానమన్నాడని, మొదట్లో ఆమె గిన్నె తోసేసేదని, నువ్వు నిమ్మరసం పిండి, జీలకర్ర వేయించి కొట్టి, వెల్లుల్లి దట్టంగా వేసి చప్పిడి కూరకే రుచి తెచ్చావని రాశావు. ఇప్పుడు నువ్వు పక్కన కూర్చుంటే గానీ తినదట. బీపీ దిగిందని డాక్టరు నిన్ను పిలిచి మెచ్చుకున్నాడట. "నా కన్నతల్లికి చేసినట్టే చేస్తున్నాను" అని రాశావు. అక్కడ ఉత్తరం మడిచి లేచిపోయాను. మూడో రోజు గానీ మిగతాది చదవలేదు.

చదివితే రొట్టె సంగతి ఉంది. ఆ దేశంలో అంగట్లో అమ్మే రొట్టెలోనే ఉప్పు కొంచెం కొంచెంగా తగ్గించారని, తినేవాళ్ళకు తేడా తెలియనే లేదని మేడం చెప్పిందన్నావు. అది చదివి ఇంకా మండిపోయాను. ఆ ముసలమ్మకు ఇంట్లో మా అమ్మ, బయట రొట్టెలు కాల్చేవాళ్ళు, అందరూ కలిసి కాపలా కాస్తున్నారు. ఇక్కడ మమ్మల్ని ఎవరు కాస్తున్నారు?

కానీ ఆ రొట్టె సంగతిని మాత్రం నేను వాళ్ళ దగ్గర్నుంచి లాక్కున్నాను. ఎందుకు కావాల్సి వచ్చిందో తర్వాత చెబుతాను, ఏం చేశానో ముందు విను.

నరసింహప్ప మామ మిక్చర్ బట్టీలో పొట్లాలు కట్టే పనికి పోతున్నానని నీకు తెలుసు. ఆ పొట్లాలు ఎక్కువగా జీన్స్ కుట్టే షెడ్లకే పోతాయి. మధ్యాహ్నం మిషన్లు ఆపగానే బొరుగుల్లో మిక్చర్ కలుపుకుని, దాని మీద ఊరగాయ వేసుకుని, అదే అన్నమని తిని మళ్ళీ మిషన్ ముందు కూర్చుంటారు. నువ్వు పోయాక, షెడ్డుకు పోయే నాయన కూడా అంతే. నేను కట్టిచ్చిన క్యారియర్ అట్లే తిరిగొచ్చేది. నా కూర చప్పగా ఉంటుందనేవాడు.

ఒకరోజు వాయి దించి, కారాసేవ మీద ఉప్పు చల్లబోతున్న మామను అడిగాను.

"మామా, మిచ్చర్లో ఉప్పు రోంత తగ్గిస్తామా?"

ఆయన చేయి ఆపి నా ముఖం చూశాడు. "ఏం పాపా, నీకేమన్నా జొరమొచ్చిందా? ఉప్పూ కారం నాలిక్కి తగిలితేనే ఇంగో పొట్లం అడుగుతారు. తగ్గిస్తే ఎవురు కొంటారు?"

"ఇంగో పొట్లం, ఇంగో పొట్లం అని తినే మనుషులు ఏమైపోతాండారో నువ్వు చూడలేదా మామా?"

ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఎందుకు తిప్పుకున్నాడో నీకు ఈ ఉత్తరం చివరికొచ్చేసరికి తెలుస్తుంది. నేను వదల్లేదు.

"ఒగేసారి వద్దు. రోంత రోంత తగ్గిద్దాము. మా యమ్మ ఉండే కువైట్లో రొట్టెలకు అట్లే చేసినారంట. తినేటోళ్ళకు తెలీనే తెలీలేదంట."

"కువైటోళ్ళకు ఏం తెలుసు మన మిచ్చర్ సంగతి?" అన్నాడు మామ.

శనగపిండి కలుపుతున్న ఆంజినమ్మ అత్త అందుకుంది. "నాకు బీపీ మాత్రలు తెచ్చిచ్చేది నువ్వే, ఊరందరికీ ఉప్పు తినిపించేదీ నువ్వే. ఆ పాప చెప్పినట్టు ఒగసారి చేసి చూడు. ఏం కొంప మునగదులే."

భార్య మాటకు ఆయన ఎప్పుడూ ఎదురు చెప్పడు. ఆ రోజు చల్లే ఉప్పులో ఒక చారెడు వెనక్కి తీశాడు. పొట్లాలు పోయాయి, అమ్ముడయ్యాయి, ఎవరూ నోరెత్తలేదు. కొన్నాళ్ళకు ఇంకొంచెం తీశాడు. అప్పుడూ ఎవరూ అడగలేదు. పొట్లాలు మోపెడ్ మీద వేసుకుని షెడ్లకు తిరిగే వీరేష్‌కు కూడా మేం చెప్పలేదు.

అక్కడే నేను తొందరపడ్డాను. నిజం చెప్పనా, నీ మీద పోటీ పెట్టుకున్నాను. నువ్వు ఆ ముసలమ్మకు నెలల తరబడి చేసినదాన్ని నేను ఇక్కడ ఊరందరికీ ఒక్క దెబ్బకు చేసి, నీకు గొప్పగా రాయాలనుకున్నాను. "మీ రొట్టెలు పెద్ద గొప్పేం కాదులే" అని రాయాలని ఎంత ఆశపడ్డానో. మామ సంతకు పోయిన రోజు నేనే ఉప్పు కలిపాను. ఉన్నదాంట్లో సగం తీసేశాను.

మరుసటి రోజు వీరేష్ గోతాం తెచ్చి బట్టీ ముందు కుమ్మరించాడు.

"ఏమప్పా ఇది? గడ్డి నమిలినట్టుండాది. సెడ్లో ఆడోళ్ళు నా మొగాన ఇసిరినారు. రేపట్నించి విడపనకల్లు నుంచి వచ్చే మిచ్చర్ తెచ్చియ్యమంటాండారు."

మామ ఒక గుప్పెడు నోట్లో వేసుకుని ఉమ్మేశాడు. నన్ను తిట్టలేదు. "నువ్వు ఇంటికి పో పాపా. రేపు రావద్దు" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చి ఏడ్చాను. ఎవరి మీద ఏడ్చానో చెప్పమంటావా? నీ మీద. ఆ ముసలమ్మ మీద. మా అమ్మ చేయి పెడితే చప్పిడిది కూడా తింటారు, నా చేయి పెడితే ఉమ్మేస్తారు అనుకున్నాను. అట్లా ఏడుస్తూనే నీ ఉత్తరం మళ్ళీ తీశాను, ఈసారి కోపం కోసం కాదు, ఎట్లా చేశావో తెలుసుకోవడానికి. నేను మొదట సరిగ్గా చదవనే లేదు. ముసలమ్మ గిన్నె తోసేసినప్పుడు నువ్వు మొండికి పోలేదు. మేడంను అడిగి చిటికెడు ఉప్పు తిరిగి వేశావు. ఆమెకు ఆ రుచి అలవాటయ్యాక, నిమ్మకాయ పెంచి మళ్ళీ తగ్గించావు. మొదటిసారి నా ఓర్వలేనితనం ఆ నాలుగు వాక్యాలనూ నా కంట పడనివ్వలేదు.

మరునాడు పిలవకపోయినా పోయాను. నన్ను చూసి నరసింహప్ప మామ లేచి అవతలికి పోయాడు. ఆంజినమ్మ అత్తకు చెప్పాను. "నువ్వు తీసేసింది ఎక్కువైంది, అంతేగదా. మళ్ళా రోంత వేస్తాము. దానికేముండాది" అంది. ఉప్పు కొంత వెనక్కి వేశాం. వెల్లుల్లి కచ్చాపచ్చాగా దంచి వేయించాం, కరివేపాకు రెట్టింపు చేశాం, మామిడి ఒరుగులు పొడి కొట్టి చల్లాం. మామ దూరంగా కూర్చుని చూస్తూనే ఉన్నాడు. చివరికి లేచొచ్చి రుచి చూసి, "వీరేష్‌ను పిల్చి ఇయ్యండి. వాడు తిని ఒప్పుకుంటేనే గోతానికెత్తేది" అన్నాడు.

వీరేష్ నిలబడే ఒక పొట్లం ఖాళీ చేశాడు. "మామిడికాయ వాసనొస్తాది. బాగుండాది" అన్నాడు. ఉప్పు మాట అడగలేదు.

అప్పటినుంచి తొందర లేకుండా చేస్తున్నాం. ఇప్పుడు షెడ్లకు పోయే పొట్లంలో మునుపటికంటే ఉప్పు బాగా తక్కువ. మొన్న మామ ఎవరిదో పెళ్ళికి పోయి, అక్కడ ఇంకొకరి మిక్చర్ తిని, "థూ, నోరంతా ఉప్పుకు పొక్కినట్టాయ" అని వచ్చి చెప్పాడు. చెబుతూ తనే నవ్వాడు. అన్నీ గెలిచామని కాదు. బస్టాండు దగ్గరి దుకాణాలవాళ్ళు పాతదే కావాలన్నారు, వాళ్ళకు వేరే వాయి తీస్తూనే ఉన్నాడు. అడిగితే, "నేనూ బతకల్ల కదా పాపా" అంటాడు.

ఇక నాయన సంగతి. అమ్మా, కూర్చుని చదువు.

ఎండలు ముదిరిన రోజుల్లో నాయన షెడ్డులో గుడ్డ కత్తిరిస్తూ ఉండగా కుడిచేతిలోంచి కత్తెర జారిపోయింది. వంగి తీసుకోబోతే చేయి రాలేదు. ఏదో అన్నాడట, ఎవరికీ అర్థం కాలేదు. మూతి ఒక పక్కకు పోయింది. నరసింహప్ప మామ ఆటోలో వేసుకుని బళ్ళారి ఆసుపత్రికి తీసుకుపోయాడు, నేను దారి పొడుగునా నాయన తల ఒళ్ళో పెట్టుకున్నాను. పక్షవాతం అన్నారు. బీపీ చాలా ఎక్కువగా ఉందని, ఎన్నాళ్ళుగానో ఉండి ఉంటుందని, ఎప్పుడూ చూపించుకోలేదా అని అడిగారు. నర్సు చొక్కా విప్పుతుంటే జేబులోంచి మిక్చర్ పొట్లం కింద పడింది. మామ బట్టీదే. నేనే కట్టిన పొట్లం అయినా కావచ్చు. డాక్టరమ్మ దాన్ని తీసి, వెనకా ముందూ చూసి, "ఇంట్లో కూరలో ఉప్పు తగ్గిస్తే సరిపోదు. అసలు ఉప్పంతా ఇట్లాంటివాటిలోనే పోతుంది, ఊరగాయల్లో పోతుంది, తినేవాళ్ళకు తెలియదు" అంది. మామ అక్కడే ఉన్నాడు. ఆ రోజు నుంచి నాయన మాట వస్తే నా కళ్ళలోకి చూడలేడు. ఆ మిక్చర్ ఒక్కటే కారణమని డాక్టరమ్మ అనలేదు, నేనూ అనను. కానీ నేను ఊరికే కూర్చోలేకపోయాను.

ఇప్పుడు ప్రాణానికి భయం లేదు. గోడ పట్టుకుని వాకిలి దాకా నడుస్తున్నాడు. చేతికి పట్టు ఇంకా రాలేదు. మాట ముద్దగా వస్తుంది, అందుకే ఫోన్లోకి రాలేదు. మీ యమ్మకు చెప్పొద్దని ఎడమ చేయి నా నెత్తిన పెట్టి ఒట్టు వేయించుకున్నాడు. భారతి అక్కను కూడా బతిమాలాడు. ఆమె మీద కోపగించుకోవద్దు.

రోజూ నేనే తినిపిస్తాను. నువ్వు రాసిన నిమ్మకాయ, జీలకర్ర, వెల్లుల్లి, అవే. మొదట ఆయనా గిన్నె తోసేశాడు. ఇప్పుడు తింటాడు, కానీ ప్రతి ముద్దకూ నీ పేరే. "మీ యమ్మ చేస్తే యిట్లుండదు. మీ యమ్మ ఊరుబిండి పచ్చడి నూరితేనా..." వండేది నేను, తుడిచేది నేను, నడిపించేది నేను. తలుచుకునేది నిన్ను. అట్లా నీ మీద కూడా కుళ్ళుకున్నాను అమ్మా. దానా మీద, ముసలమ్మ మీద, చివరికి నీ మీద.

ఒట్టు వేశాను కాబట్టి దాచానని రాస్తే నువ్వు నమ్ముతావు. అది నిజం కాదు. ఒట్టుకు నేను భయపడేదాన్నైతే ఇప్పుడు మాత్రం ఎందుకు రాస్తాను? నువ్వొస్తే నాయన మళ్ళీ నీ మనిషి అయిపోతాడు, నేను పక్కన గిన్నెలు కడుగుతూ ఉండాలి అనిపించింది. ఇదొకటి. దీన్ని మించింది ఇంకోటి ఉంది. చెబితే నువ్వు రాకపోతే? "మేడం పంపనంటాండాది, ముసలమ్మ నేను లేకుంటే తినదు, రోంత ఓర్చుకో" అని ఫోన్లో అంటే? నా కంటే, నాయన కంటే ఆమె ఎక్కువని నీ నోటితోనే వింటే నేను ఏమైపోవాలి? అడగకుండా ఉంటే ఆ మాట వినే పని ఉండదు కదా. అందుకని దాచాను.

ఇంతవరకు రాసి నాయనకు చదివి వినిపించాను. ఆయనకు తెలియకుండా పంపితే అది ఇంకో దాపరికం అవుతుంది. మధ్యలో ఆపమని ఎడమ చేయి ఎత్తాడు, నేను ఆపలేదు. అంతా విని గోడవైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత అటువైపే చూస్తూ, "రాసినావు గదా. రమ్మని గూడా రాయి" అన్నాడు. మాట ముద్దగానే వచ్చింది, కానీ నాకు ప్రతి అక్షరమూ అర్థమైంది.

కాబట్టి రాస్తున్నాను. రా అమ్మా.

ఆ ముసలమ్మను ఉన్నపళంగా వదిలేసి రమ్మని రాయాలనే కూర్చున్నాను, చేయి రాలేదు. నాయన పక్కన గిన్నె పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టినప్పటి నుంచి, గిన్నె తోసేసే మనిషి కళ్ళు ఎట్లా ఉంటాయో నాకు తెలుసు. ఆమె కూడా అట్లానే చూస్తుంటుంది. మేడంకు నేర్పు. ఆమెకు తీరిక లేకపోతే దానా పాపకు నేర్పు, నిమ్మకాయ పిండే వయసు వచ్చింది కదా. వాళ్ళ చేతి ముద్ద ఆ ముసలమ్మ తినడం నీ కళ్ళతో చూసి, అప్పుడు బయలుదేరు. అంతవరకు ఇక్కడ నాయన ముద్ద నేను కలుపుతాను.

ఇట్లు,
నిన్ను ఎవరితోనూ పంచుకోలేని
నీ కూతురు,
సిమ్రాన్.